ఒక్కసారే అడిగే దేశంలో

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి చెబుతారు. నేను నయాగరా చూడలేదు. నేను చూసింది ఒక రాయి. దానికోసం రెండు రోజులు కారులో కూర్చుని నడుము పట్టేసేలా ప్రయాణం చేశాను. మా తెనాలిలో ఇస్త్రీ బండి కదలకుండా చక్రం కింద పెట్టే రాయికి దానికంటే కాస్త పరువుంది. తిరిగొచ్చి నెల దాటినా వీధిలో ఎవరో ఒకరు ఆపి "ఏం చూశారు పిన్నిగారూ?" అంటూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నిజానికి వెళ్ళింది రాయి కోసం కాదు, ఒక కుర్రాడి సంగతేమిటో తేల్చుకోవడానికి. మా తమ్ముడు రవి వర్జీనియాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉంటాడు. వాడి చిన్నప్పుడే అమ్మ పోయింది. నా చేతిలో పెరిగాడు. ఇప్పటికీ వాళ్ళింట్లో ఏ శుభకార్యం తలపెట్టినా "మా అక్కని అడగండి" అంటాడు. నా మాటకి ఎదురు ప్రశ్న వేసే రకం కాదు. వాడి కూతురు సాహితి అక్కడే పుట్టింది, అక్కడే ఉద్యోగం చేస్తోంది. తనతో చదువుకున్న నేథన్ అనే అమెరికా కుర్రాణ్ణి ఇష్టపడింది.

ఆ కుర్రాడు జూన్‌లో తెనాలికి ఫోన్ చేశాడు. "సాహితిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. మీ అనుమతి కావాలి" అన్నాడు. ఆడపిల్లవాళ్ళం, అడగ్గానే ఎగిరి గంతేస్తామా? "ఇప్పుడేం తొందర బాబూ, చూద్దాంలే" అన్నాను, అతనికి అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే. మళ్ళీ చేస్తాడని, ఈసారి వాళ్ళమ్మచేత మాట్లాడిస్తాడని చూశాను. వారం, నెల, మూడు నెలలు గడిచాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సరే, ఇదంతా కాలక్షేపం బేరం అనుకున్నాను.

2012 నవంబరులో నేను హెర్న్‌డన్ వెళ్ళేసరికి సాహితి మొహం వాడిపోయి ఉంది. ఆఫీసువాళ్ళు రెడ్‌మండ్‌కి మారతావా అని అడుగుతున్నారట. అది దేశానికి ఆ చివర. సోమవారంలోగా జవాబు చెప్పాలి. వెళ్తే ఇక ఆ కుర్రాడి కథ కంచికే. ఈలోగా ఆ కుర్రాడి తల్లి మమ్మల్ని థాంక్స్‌గివింగ్ పండక్కి రమ్మని పిలిచింది. ఆవిడ ఊరు మసాచుసెట్స్‌లో ప్లిమత్. ఆ పండగ పుట్టింది అక్కడేనట.

"అత్తా, జస్ట్ ఒన్స్ వాళ్ళని మీట్ అవ్వు. దెన్ నేను డిసైడ్ చేస్తా," అంది సాహితి. వాళ్ళ నాన్నకి ఆఫీసులో సెలవు దొరకలేదు. మేమిద్దరమే బయలుదేరాం.

ఎడిసన్

నవంబరు నాలుగో గురువారం పండగ. దానికి రెండు రోజుల ముందునుంచే దేశం దేశమంతా రోడ్డెక్కుతుంది. మన పండగలకి బస్సుల మీద ఎక్కి కూర్చుంటారని నవ్వే వీళ్ళు, మనిషికో కారు వేసుకుని గంటకి రెండు మైళ్ళు పాకుతారు. హారన్ మాత్రం కొట్టరు. అది నాగరికతట. న్యూజెర్సీలో, పోయిన నెల తుపానుకి కూలిన చెట్లు దారి పక్కన అలాగే పడి ఉన్నాయి. వాటిని చూశాక మా మున్సిపాలిటీ మీద నాకున్న కోపం కాస్త తగ్గింది.

రాత్రికి ఎడిసన్‌లో ఆగాం. అక్కడో మన హోటల్లో దోశ తొమ్మిది డాలర్లు. పక్క బల్ల దగ్గర వరంగల్ అమ్మాయి ఒకతె ఒక్కతే కూర్చుని తింటోంది. ఎమ్మెస్ చదువుతోందట. తెలుగు వినిపించగానే కుర్చీ లాక్కుని వచ్చేసింది.

"వచ్చిన కొత్తల మా ప్రొఫెసర్ ఇంటికి పిలిచిండు ఆంటీ. తింటవా అన్నరు. వద్దండి అన్న. ప్లేట్ తీస్కపోయిన్రు! మళ్ళ అడగనే లేదు. రూమ్‌కొచ్చి మ్యాగీ చేస్కొని తిన్న. ఈడ ఒక్కసారే అడుగుతరు, యాదికుంచుకోండి."

"అడిగే పద్ధతిలో అడిగించుకోవడం చేతకావాలమ్మా," అన్నాను. నాలుగు మెతుకులు వడ్డించుకోలేని పిల్ల నాకు పాఠాలు చెప్పడమేమిటని ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. నా పళ్ళెంలో మిగిలిన చట్నీ అడిగి మరీ వేసుకుంది.

రాయి

బుధవారం మధ్యాహ్నానికి ప్లిమత్ చేరాం. కారు వెనక డిక్కీ తెరిస్తే గుప్పున గోంగూర వాసన. కాబోయే వియ్యాలవారికని తెచ్చిన పచ్చడి సీసా మూత వదులై, నూనంతా సాహితి తెల్ల కోటు తాగేసింది. పండగ రోజు వేసుకోవడానికని ప్రత్యేకంగా కొనుక్కున్న కోటు. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద రాతి స్తంభాలతో మండపం. లోపల గర్భగుడిలాంటి గుంట. కటకటాల మీంచి తొంగి చూస్తే కింద ఇసకలో ఒక రాయి, దాని మీద 1620 అని చెక్కి ఉంది. అంతే. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన మొదటి వలసవాళ్ళు కాలు పెట్టిన రాయట. కాలు పెట్టినట్టు చూసినవాడెవడూ లేడు. నూట ఇరవై ఏళ్ళ తరవాత తొంభై దాటిన ముసలాయన ఒకడు "ఇదే అని మా పెద్దవాళ్ళు చెప్పారు" అన్నాడట. ఇంకేం, రాయి దేవుడైపోయింది. ఎత్తి ఊళ్ళోకి తీసుకెళ్ళబోతే రెండు ముక్కలైంది. మనవాళ్ళు రాయికి బొట్టు పెడితే మూఢనమ్మకం అంటారు. వీళ్ళు రాయికి కాపలా పెడితే చరిత్ర అంటారు.

అక్కడికి దగ్గర్లోనే ఆనాటి ఊరు లాంటిది కట్టి, ఆనాటి బట్టలు వేసుకున్న మనుషుల్ని పెట్టారు. టికెట్టు కొని లోపలికెళితే ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని, పోయిన ఏడే ఓడ దిగినట్టు మాట్లాడుతోంది. ఎంత కదిలించినా వేషం విడవదు. మొదటి చలికాలంలో సగంమంది పోయారని చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నాకూ బాధేసింది. తరవాత ఆవిడే, ఓడ దిగగానే ఇసకలో పాతిపెట్టిన మొక్కజొన్న దొరికిందనీ, అది దేవుడి దయనీ చెప్పింది.

"ఎవరు పాతిపెట్టింది?" అన్నాను.

"ఇక్కడి మనుషులు."

ధాన్యం పాతర అంటే నాకు తెలుసు. మా తాతగారింట్లో పెరట్లో ఉండేది. ఎవడో వచ్చి పాతర తవ్వుకుపోయి, పైగా దేవుడికి దండం పెట్టుకుంటే మా తాత కర్ర తీసుకునేవాడు. ఆ మాట అనేశాను. ఆవిడ వేషంలోనే ఉండి చిరునవ్వు నవ్వి, కుండలో గరిటె తిప్పుకుంది. సాహితి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

లిండా గారి వంటిల్లు

నేథన్ తల్లి పేరు లిండా. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, భర్త లేడు. వాకిట్లోనే నన్ను కౌగలించుకుంది. నేథన్ ఆరడుగుల మనిషి, సామాన్లన్నీ ఒక్కడే మోశాడు. నాతో మాత్రం చాలా మర్యాదగా, దూరంగా ఉన్నాడు. పెళ్ళి మాట ఎత్తలేదు. నా ముందు సాహితితో కూడా పొడిపొడిగా మాట్లాడాడు. నేను గమనిస్తూనే ఉన్నాను.

"సూప్ తాగుతారా?" అంది లిండా. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కడుపు కాలిపోతోంది.

"అబ్బే, మీకెందుకు శ్రమ," అన్నాను.

"సరే," అని గిన్నె మూత పెట్టేసింది!

నేను నోరెళ్ళబెట్టాను. గడప తొక్కిన మనిషిని రెండోసారి అడగని ఇల్లు నా జన్మలో చూడలేదు. మా ఇంట్లో అయితే పోస్ట్‌మాన్‌ని కూడా రెండుసార్లు అడుగుతాం. ఈ ఇంట్లో మా పిల్ల ఎలా బతుకుతుందనుకున్నాను. వరంగల్ పిల్ల గుర్తొచ్చింది కానీ, గుర్తు రానట్టే ఊరుకున్నాను. గదిలోకెళ్ళి సంచీలో చేగోడీలు తీసుకుని తిన్నాను.

తిండి పెట్టకపోయినా లిండా చరిత్ర బాగా పెట్టింది. బల్ల దగ్గర కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఆనాటి వలసవాళ్ళకి కృతజ్ఞత చెప్పే రోజంటే కూర్చుని ప్రార్థన చేసే రోజట, తిని తాగే రోజు కాదు. ఓడ దిగిన మరుసటి ఏడు పంట ఇంటికొచ్చాక మూడు రోజులు విందు చేసుకున్నారు, దానికి వాళ్ళు ఈ పేరు పెట్టనే లేదు. ఆ విందుకి అక్కడి వాంపనోగ్ తెగవాళ్ళు తొంభైమంది మగవాళ్ళు అయిదు జింకలతో వచ్చారు. పిలిస్తే వచ్చారో, పిలవని పేరంటమో ఎవరూ రాసిపెట్టలేదు. తరవాత రెండు వందల ఏళ్ళకు పైగా ఒక్కో రాష్ట్రం ఒక్కో రోజు చేసుకునేది, చాలాచోట్ల అసలు చేసుకునేవాళ్ళు కాదు.

"మరి దేశానికంతా ఒకే రోజని ఎవరు పెట్టారు?"

"ఒక ఆడమనిషి," అంది లిండా. ఆవిడ పత్రికా సంపాదకురాలట, పిల్లలున్న విధవరాలు. దేశమంతా ఒకే రోజు చేసుకోవాలని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. ఒక అధ్యక్షుడు పట్టించుకోకపోతే తరవాతివాడికి, వాడూ పట్టించుకోకపోతే ఆ తరవాతివాడికి. చివరికి అంతర్యుద్ధంలో దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్నప్పుడు, అప్పటి అధ్యక్షుడు సరేనన్నాడు.

"తేదీ కూడా ఒకసారి జరిపారు," అన్నాడు నేథన్. "ఇంకో అధ్యక్షుడు వారం ముందుకి తెచ్చాడు. దుకాణాల్లో అమ్మకాలు పెరుగుతాయని. సగం రాష్ట్రాలు వినలేదు. కొన్నేళ్ళు దేశంలో రెండు పండగలు."

అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. మనకి పండగ రెండు రోజులొస్తే సిద్ధాంతులు టీవీల్లో కొట్టుకుంటారు. కానీ పాపం వాళ్ళు తిథి కోసం కొట్టుకుంటారు, చీరల షాపు కోసం కాదు.

కొండ మీద

గురువారం పొద్దున రాయికి ఎదురుగా ఉన్న గుట్ట మీద జనం చేరుతున్నారు. పండగేమో అనుకున్నాను. కాదు. అక్కడి ఆదివాసులు ఏటా ఇదే రోజు ఇక్కడ నిలబడి సంతాపం పాటిస్తారట. సాహితి నన్ను కావాలనే తీసుకొచ్చింది. చలిగాలి ఈడ్చి కొడుతోంది. కోటు పాడైపోయింది కాబట్టి నా శాలువా కప్పుకుంది.

ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి మాట్లాడారు. రోగాలొచ్చి ఊళ్ళకి ఊళ్ళు పోయిన సంగతి, భూములు పోయిన సంగతి, విందుకి వచ్చిన తెగపెద్ద కొడుకుతోనే తరవాత వలసవాళ్ళు యుద్ధం చేసి, చంపి, అతని తలని ఇదే ఊళ్ళో ఏళ్ళపాటు గుంజకి వేలాడదీసిన సంగతి. ఆ చివరిది నిన్న లిండా చెప్పలేదు. వేషం వేసుకున్నావిడా చెప్పలేదు. నా వెటకారం ఎక్కడికి పోయిందో తెలియదు. అన్నం పెట్టినవాడి కొడుకు తల! నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కార్యక్రమం అయ్యాక దగ్గర్లోని హాల్లో అందరూ తెచ్చిన వంటలు పంచుకుంటున్నారు. జడ వేసుకున్న ఒక పెద్దావిడ మొక్కజొన్న, చిక్కుడు గింజలు ఉడికించిన సూప్ గిన్నె ముందు నిలబడింది. నా ముందుకి కప్పు చాచింది.

"వద్దండీ, కార్తీకమాసం, నీచు తినను," అన్నాను.

"మాంసం లేదు," అని ఇంకేమీ అడక్కుండా పోసి చేతిలో పెట్టింది. నేను తాగేదాకా అక్కడే నిలబడి చూసింది. హెర్న్‌డన్ దాటాక నాకు సరిగ్గా తిండి పెట్టిన మొదటి మనిషి ఆవిడే.

"ఆనాటి విందుకి మీవాళ్ళని పిలిచారా?" అని అడిగాను.

"ఊరు మాది. మమ్మల్ని పిలవడమేమిటి?" అంది, రెండో కప్పు పోస్తూ.

బల్ల దగ్గర

సాయంత్రం లిండా ఇంట్లో బల్ల నిండా వంటలు. మధ్యలో టర్కీ కోడి, మేక పిల్లంత ఉంది. దానికి పొద్దుటినుంచీ సేవ చేస్తూనే ఉన్నారు. ఉప్పు తప్ప ఇంకేమీ పడలేదని వాసనే చెబుతోంది. లిండా అన్నగారు ఫ్రాంక్ కూడా వచ్చాడు. ఆ మొదటి ఓడలో వచ్చినవాళ్ళలో తన ముత్తాతల ముత్తాత ఒకడని కూర్చోకముందే చెప్పాడు. మనవాళ్ళు గోత్రం చెప్పుకుంటే వెనకబడ్డ జాతి అంటారు, ఈయన ఓడ పేరు చెప్పుకుంటే వంశ గౌరవం.

వంటలు చేతులు మారుతూ వచ్చాయి. బంగాళాదుంప ముద్ద వచ్చింది. "కావాలా?" "అబ్బే." వెళ్ళిపోయింది. చిక్కుడుకాయలు వచ్చాయి. "కావాలా?" "చాలండీ." ఇంకా ఏమీ వెయ్యనే లేదు, చాలేమిటి అని ఒక్కరైనా అడగలేదు. అవీ వెళ్ళిపోయాయి. అందరూ తింటున్నారు. నా పళ్ళెం తళతళలాడుతోంది. సాహితి ఏమీ తినకుండా ఫోర్కుతో గీతలు గీస్తోంది. నేథన్ తన పళ్ళెంకేసే చూస్తున్నాడు.

భోజనాలయ్యాక గుమ్మడికాయతో చేసిన 'పై' అనే తీపి వంటకం తేవడానికి లిండా లేస్తే, సాయం చేద్దామని నేనూ వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ కత్తి తుడుస్తూ నెమ్మదిగా అంది.

"మీమీద నాకేం కోపం లేదండీ. కాకపోతే నా కొడుకు చాలా బాధపడ్డాడు. సాహితి కూడా. మీ నిర్ణయాన్ని గౌరవించాలని ఇద్దరూ అనుకున్నారు. సోమవారం తను రెడ్‌మండ్‌కి ఒప్పేసుకుంటుందట."

"నా నిర్ణయమేమిటి?"

"జూన్‌లో అడిగాడు కదా. మీరు వద్దన్నారు."

"వద్దన్నానా? 'ఇప్పుడేం తొందర' అన్నాను!"

లిండా నాకేసి చూసింది. నేను ఆవిడకేసి చూశాను. "అంటే వద్దనే కదా?" అంది అమాయకంగా.

"అంటే మళ్ళీ అడగమని!"

అయిదు నెలలు! నేను తెనాలిలో ఫోన్ పక్కన మూతి ముడుచుకుని కూర్చున్న అయిదు నెలలూ ఈ పిల్లలిద్దరూ ఇక్కడ కుమిలిపోయారు. "అత్త వద్దంది" అని సాహితి చెబితే మా తమ్ముడు మారు మాట్లాడకుండా తలూపి ఊరుకున్నాడన్నమాట. తెనాలిలో పుట్టి పెరిగినవాడు, వాడికైనా తెలియవద్దూ? నా మీద నాకూ, వాడి మీదా, ఈ దేశం మీదా ఒకేసారి మండిపోయింది. గట్టు మీదున్న 'పై' పళ్ళెం తీసుకుని బల్ల దగ్గరికి నడిచాను.

'పై' కోసేముందు ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞతలో చెప్పడం ఆ ఇంటి ఆనవాయితీ. ఫ్రాంక్ ముత్తాతలకి చెప్పాడు. నేథన్ ఈ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళకి చెప్పాడు. సాహితి, "ఇక్కడ అందరితో గడిపిన టైమ్‌కి" అని ఆపేసింది. నా వంతు వచ్చింది.

"మేము సొంతవాళ్ళకి థాంక్స్ చెప్పం," అన్నాను. "చెబితే అవమానం. పరాయివాళ్ళకే చెబుతాం. ఇంకో సంగతి. మాలో ఎవరైనా ఏదైనా అడిగితే మొదటిసారి కాదంటాం. అది మర్యాద. మళ్ళీ అడగాలి. అప్పుడూ కాదంటాం. మళ్ళీ అడగాలి. నిన్న లిండాగారే చెప్పారు, మీ పండగ అలాగే వచ్చిందట. ఆ పత్రికావిడ మొదటి అధ్యక్షుడు పట్టించుకోనప్పుడు సరేలెమ్మని కలం మూసేసి ఉంటే, ఇవాళ మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు. మీ పండగ చరిత్ర మీకే తెలియకపోతే ఎలా? నేథన్, జూన్‌లో అడిగింది మళ్ళీ అడుగు."

నేథన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సాహితిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను మేడమ్. మీకు సమ్మతమేనా?"

నేను నోరు తెరిచాను. అరవై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"అబ్బే, ఇప్పుడేం తొందర బాబూ..."

"అత్తా!" అని సాహితి కేక పెట్టింది. ఫ్రాంక్ చేతిలో చెంచా కింద పడింది. నేథన్ మొహం పాలిపోయింది. సాహితికేసి చూశాడు, నాకేసి చూశాడు. తరవాత మెల్లగా ఆ మొహంలో ఏదో వెలిగింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అత్తా," అన్నాడు, వత్తులు సరిగ్గా పలకని తెలుగులో. "సమ్మతమేనా?"

"సరే," అన్నాను. "సమ్మతమే."

సాహితి ఏడుస్తూ నా మెడ కావిలించుకుంది. గోంగూర నూనెకి కోటు పోయిన పిల్ల, నా శాలువాతోనే కళ్ళు తుడుచుకుంది. సోమవారం దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ తీసి, రెడ్‌మండ్ రానని ఆఫీసుకి మెయిల్ కొట్టింది. లిండా నా ఖాళీ పళ్ళెంకేసి అప్పుడు చూసింది. "అయ్యో, మీరేమీ తినలేదు!" అంది. రెండు రోజులకి కళ్ళు తెరుచుకున్నాయి.

నేథన్ 'పై' ముక్క కోసి పట్టుకొచ్చాడు. "వెయ్యనా?"

"వద్దు."

వేశాడు. నోట్లో పెట్టుకున్నాను. గుమ్మడికాయ దప్పళంలో ఉప్పూ పులుపూ మరిచిపోయి, పంచదార కుమ్మరించి, పైన దాల్చినచెక్క జల్లినట్టుంది. ఇన్ని వందల ఏళ్ళుగా ఈ దేశం దీనికోసమా కృతజ్ఞతలు చెబుతోంది? నీళ్ళ సాయంతో మింగాను.

నేథన్ ఇంకో ముక్కతో నిలబడి ఉన్నాడు. "ఇంకొంచెం?"

"వద్దు బాబూ. ఈసారి నిజంగానే వద్దు. ఒట్టు."

నా కళ్ళలోకి చూసి, అన్నీ తెలిసినవాడిలా నవ్వి, మొదటిదానికంటే పెద్ద ముక్క వేశాడు. ఎవరిననుకుని ఏం లాభం, నేర్పింది నేనే. తిన్నాను.